లెక్చరు పీనుగు వేషం నాది

అమీర్‌పేట,
హైదరాబాదు.

రాజ్యం,

నువ్వు దొంగవి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి చేతగానితనం గురించి నాకు కొత్తగా చెప్పనక్కర్లేదు, నేను మాత్రం పట్టుకున్నాను. పట్టపగలు, నర్సింగ్ కంప్యూటరు తెర మీద, గదినిండా జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుండగా పట్టుకున్నాను. నువ్వు నన్ను ఎత్తుకుపోయి నీ సినిమాలో పెట్టుకున్నావు. పెట్టుకున్నదానివి ఊరుకోకుండా నా వేషం వెంకటేశ్వర్లుకి ఇచ్చావు. సొంత అన్న బతికుండగా.

ఇక క్షేమ సమాచారాలు. నేనిక్కడ కులాసా. నువ్వూ, బావగారూ, సుధా కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి నడుంనొప్పి ఎలా ఉంది? పెళ్ళిళ్ళలో లైట్ల స్టాండ్లు ఒక్కడే మోయొద్దని నా మాటగా చెప్పు. మంగత్త కంట్లో చుక్కలు వేసుకుంటోందా, లేక ఆ సీసా కూడా దేవుడి గూట్లో పెట్టి దండం పెడుతోందా? సుధ లెక్కల్లో ఎలా ఉంది? నా గురించి బెంగ పెట్టుకోవద్దు. దగ్గు తగ్గింది. నిజంగా తగ్గింది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నేను రెండో వాక్యంలోకి వచ్చేసరికి నువ్వు నవ్వేస్తావు. నువ్వు నవ్వితే నా కోపం నిలబడదు. ఉత్తరం చదువుతూ నవ్వుకున్నా నాకు వినపడదు. అందుకని ఉత్తరం. చివరిదాకా చదువు. మధ్యలో బావగారికి ఇచ్చి "మీరు చదవండి, మా అన్నయ్య మళ్ళీ మొదలెట్టాడు" అనొద్దు.

ఇక్కడ పని మామూలే. మన రేపల్లెలో ప్రెస్సు మూతపడ్డాక వచ్చినప్పటినుంచీ ఆ మైత్రీవనం వెనక సందులోనే, నర్సింగ్ డీటీపీ సెంటర్లో కూర్చుంటున్నాను. కోచింగ్ సెంటర్లవాళ్ళు పిల్లలకిచ్చే నోట్సు మా దగ్గర టైపవుతుంది. అందులో అచ్చుతప్పులు దిద్దడం నా ఉద్యోగం. ఒక్క ముక్క నాకు అర్థం కాదు. అర్థం కాని దాంట్లో కామాలు పెట్టడంలో ఆరితేరాను. ఈ సందులో నడిస్తే మనిషికీ మనిషికీ మధ్య కరపత్రం దూరే చోటుండదు, అయినా ఎవడో ఒకడు దూరుస్తాడు: ఫలానా కోర్సు, ఫలానా సారు, డెమో ఉచితం. మన జీవితమంతా కరపత్రాలు పంచాం కదా రాజ్యం, ఒక్కటి కూడా ఇంత ఆశగా ఎవరూ అందుకోలేదు. మన కరపత్రంలో లోకం మారుతుందని ఉండేది. వీళ్ళ కరపత్రంలో ఉద్యోగం వస్తుందని ఉంటుంది. ఏది చదువుతారో చెప్పడానికి మహా జ్ఞానం అక్కర్లేదు.

వానలు పట్టుకున్నాయి. చినుకు పడితే చాలు, పంజాగుట్ట నుంచి ఇక్కడిదాకా బస్సులు కట్టేసిన గేదెల్లా నిలబడిపోతాయి. దిగి నడుస్తాను. చెప్పులు మార్చాను, కంగారు పడకు.

తిండి గురించి అడుగుతావని ముందే రాస్తున్నాను. మధురానగర్‌లో నా గది పక్కనే మెస్సు. పప్పు బాగానే చేస్తాడు, సాంబారులో ముక్కలుంటాయి, పెరుగు పలుచన. తిండికి లోటు లేదు. లోటు వేరే. అక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళే తెచ్చుకుంటారు, ఎవరికి ఖాళీ ఉన్న చోట వాళ్ళు కూర్చుంటారు, అయిపోగానే లేస్తారు. నేను పప్పు కలుపుకునేలోపు నా ఎదురుగా కూర్చున్నవాడు లేచిపోతాడు. వాడి చోట్లోకి ఇంకొకడు వస్తాడు, నేను చారుకి వచ్చేసరికి వాడూ పోతాడు. ఒక్క భోజనంలో నలుగురైదుగురు నా ఎదుట కూర్చుని లేస్తారు. ఎవరితోనూ ఏ వాదనా పూర్తి కాదు. నేనెంత నెమ్మదిగా తింటానో నీకు తెలుసు. నీకు తెలిసినంతగా ఈ భూమ్మీద ఎవరికీ తెలియదని ఇప్పుడు లోకానికంతా తెలిసింది, నీ పుణ్యమా అని.

అసలు సంగతికి వస్తున్నాను.

మొన్నామధ్య కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం, ప్రింటరు మొరాయిస్తే నర్సింగ్ ఒక సీడీ పెట్టాడు. నర్సింగ్ గురించి ఇదివరకు రాశాను కదా, భువనగిరి వైపు రైతు కుటుంబం, భూమి పోయాక టైపు నేర్చుకుని ఈ సెంటరు పెట్టాడు. నాతో రోజూ ఏదో ఒక విషయం మీద గొడవ పడతాడు, అందుకే నేనింకా ఇక్కడ ఉన్నాను. ఆ సీడీ పక్క హాస్టళ్ళలో చేతులు మారి మారి వచ్చిందట.

"అన్నా, గిది చూసినవా? మీ దిక్కు సినిమానే అంట. పీనుగులు లేచొస్తయ్. మస్తు నవ్వొస్తది," అన్నాడు.

జాంబీ సినిమా అని నాకు అర్థమైంది. నేనేం చేస్తానో నీకు తెలుసు. లేచి నిలబడ్డాను. పరాయి దేశంలో కూర్చుని ఎవడో కన్న పీడకలను మనం దిగుమతి చేసుకోవాల్సిన ఖర్మేంటని అడిగాను. మనకు శవాలు తక్కువయ్యాయా, పత్తి చేలల్లో పడినవి చాలవా, వాటిని లేపి నవ్వుకోవాలా అని అడిగాను. పిల్లలు మర్యాదగా విన్నారు. నర్సింగ్ వినలేదు. "జర కూసో అన్నా, నువ్వు అడ్డమున్నవ్," అన్నాడు.

కూర్చున్నాను. కూర్చోగానే తెర మీద మన సత్రం కనపడింది.

ఆ ఆకుపచ్చ తలుపులు, ఆ వంటశాల వెనక సందు. ఆ సందు గోడమీద మన నాటక బృందం రాసిన నినాదం సగం చెరిగి ఇంకా ఉంది. పేర్లు పడలేదు, నువ్వు పెళ్ళి వీడియోల్లో వేసే ఎర్ర గుండెకాయ బొమ్మ పడింది. అది రెండుగా చీలి, చీలికలోంచి ఒక పీనుగు బయటికి వచ్చింది. రాగిపిండీ పసుపూ కలిపి మొహానికి కొట్టావు కదూ? పెళ్ళికూతురు కోసం దాచిన ఎఫెక్టును పీనుగుకు వాడినది ఎవరని అడగక్కర్లేదు. అది నువ్వే.

ఆ క్షణం నాకు ఆనందం కలిగిందని రాయమంటావా? రాయను. కడుపులో మంట పుట్టింది. నా చెల్లెలు సినిమా తీసింది, ఊరంతా అందులో ఉంది, నేను అమీర్‌పేటలో అరువు కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. ఆడవాళ్ళు కెమెరా పట్టాలని వ్యాసం రాసింది నేను. పట్టింది నువ్వు. వ్యాసం ఎవరికీ గుర్తు లేదు.

ఒక్కొక్కటే చూస్తూ ఒక్కొక్క దానికీ కుళ్ళుకున్నాను. మొదట, మూఢం. నేను మూఢానికి వ్యతిరేకంగా ఎన్ని ఉపన్యాసాలిచ్చాను! మంచి రోజులు, చెడ్డ రోజులు అన్నవి లేవని మన వీధి అరుగు మీద నిలబడి గొంతు చించుకున్నాను. నా మాట విని ఒక్క పెళ్ళి కూడా మూఢంలో జరగలేదు. నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్ళిళ్ళు లేని ఆ రోజుల్లో ఖాళీగా ఉన్న కెమెరా తీశావు, ఖాళీగా ఉన్న లైట్లు తీశావు, ఖాళీగా ఉన్న బ్యాండువాళ్ళనూ వంటవాళ్ళనూ పోగేశావు, ఖాళీగా ఉన్న సత్రం తాళం అడిగావు. చెడ్డ రోజులన్నీ నీకు షూటింగు రోజులయ్యాయి. నేను వాదించి ఓడిపోయిన చోట నువ్వు వాదించకుండా గెలిచావు. ఇది నాకు ఎంత మండుతుందో ఊహించగలవా?

కథ చూశాను. సత్రంలో బ్యాండువాళ్ళు మూఢంలో ఊరికే సాధన చేసుకుంటుంటే, పెళ్ళేమో అనుకుని ఊరి పీనుగులన్నీ లేచి రావడం. జనం వంటశాలలోకి పారిపోయి తలుపేసుకోవడం. వంటవాడు పానకాలు కిటికీలోంచి చూసి, వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, సత్రంలో వరసగా కూర్చున్నాక వడ్డించకపోతే పరువుపోతుందని విస్తళ్ళు తీసుకెళ్ళడం. పీనుగులు బాసింపట్టు వేసుకుని బంతిలో కూర్చోవడం. అన్నీ వడ్డించినా ఒక్క పీనుగూ ముద్ద ముట్టదు. ఎందుకు ముట్టదో నర్సింగ్‌కి ముందు తెలియలేదు, నేను చెప్పాల్సి వచ్చింది: మా వైపు పెద్దవాళ్ళు ఎవరైనా "కానివ్వండి" అనాలి, అప్పటిదాకా ఆకులో చెయ్యి పెట్టకూడదు. చచ్చినా పెట్టకూడదన్నమాట! ఎవరూ ఆ మాట అననంతకాలం ఊరు క్షేమం. గదిలో పిల్లలు ఊపిరి బిగబట్టారు. అంతలో వంటశాల కిటికీ దగ్గర నిలబడ్డ పురోహితుడు, జన్మంతా అలవాటైన నోరు కదా, "అన్నీ వచ్చాయా? కానివ్వండి, కానివ్వండి" అనేశాడు.

రాజ్యం, నేను ఆకలి మీద రాసిన వీధినాటకాలు నువ్వన్నీ చూశావు. వాటిలో శవాల గుండెలమీద అట్టముక్కలు పెట్టి, వాటిమీద నినాదాలు రాసి, రోడ్డు మధ్య పడుకోబెట్టాను. శవం నవ్వితే ఊరుకునేవాణ్ణి కాదు. ఆకలిగొన్న శవానికి మర్యాద అడ్డం వస్తుందన్నది నాకెందుకు తట్టలేదు? మన జనం ఆకలి కంటే మర్యాదకే ఎక్కువ భయపడతారని నేను ఎన్ని పుస్తకాలు చదివినా రాయలేనిది, నువ్వు పెళ్ళి భోజనాలు వీడియో తీసి తీసి చూపించావు. ఇది అన్యాయం. చదివినవాడికి కదా తట్టాలి.

తర్వాత వచ్చింది నా చావు.

పీనుగులన్నీ తినేశాయి. ఆకులు ఖాళీ. తలలెత్తి వంటశాల వైపు చూస్తున్నాయి. తలుపు వెనక మనుషుల వాసన వస్తోంది. లేవాలి, కానీ లేవలేవు. బంతిలో అందరూ ముగించేదాకా ఎవరూ లేవకూడదు కదా. చివరి ఆకు దగ్గర ఒక పీనుగు ఇంకా చారులోకి రాలేదు. భుజాన గుడ్డసంచి. ఒక అద్దం ఊడిన కళ్ళజోడు. కుడిచేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఎడమచేతి చూపుడువేలు గాల్లో లేచింది. గొంతు సవరించుకుని, పక్క పీనుగువైపు తిరిగి, గుర్రుగుర్రుమని ఏదో వాదన మొదలుపెట్టింది. మధ్యలో ముంజేత్తో కళ్ళజోడు పైకి తోసుకుంది. ముద్ద నోటిదాకా వెళ్ళింది, మళ్ళీ ఏదో గుర్తొచ్చింది, ఆగింది. మిగతా పీనుగులు చేతులు ఎండిపోయి, వేళ్ళకంటిన పప్పు గోళ్ళతో గీక్కుంటూ, ఏమీ అనలేక కూర్చున్నాయి.

ఆ గీక్కోవడం ఎవరిదో నాకు తెలియదా? మంగత్త కూతురి పెళ్ళిలో నా పక్కన కూర్చుని నువ్వు అలాగే గీక్కున్నావు. రెండో బంతివాళ్ళు మన వీపుల వెనక నిలబడి ఉన్నారు, అమ్మ దూరంనుంచి కళ్ళెర్రజేస్తోంది, నేను మేనమామతో భూసంస్కరణల గురించి మాట్లాడుతున్నాను. "అన్నయ్యా, ముద్ద మింగు" అని నువ్వు నా తొడ మీద గిల్లావు. ఆ సంచి కూడా నాదే. మీ ఇంట్లో కెమెరా గది మేకుకు వదిలేసి వచ్చింది. సంచి దొరికినదానికి సంచి మనిషి దొరకలేదా?

గది మొత్తం నవ్వుతోంది. నర్సింగ్ కుర్చీలోంచి జారిపోయాడు. ఇప్పుడు నేను రాసేది జాగ్రత్తగా చదువు. నన్ను వెక్కిరించావని నాకు కోపం రాలేదు. వెక్కిరించడానికి మనిషిని అంత శ్రద్ధగా చూడాలి, నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. నాకు కోపం వచ్చింది వెంకటేశ్వర్లు చేస్తున్న తప్పులు చూసి. వాడు వేలు తిన్నగా లేపాడు. నేను తిన్నగా లేపను, కొంచెం వంచి లేపుతాను, ఆక్షేపణ తెలిపేటప్పుడు మాత్రమే తిన్నగా చేస్తాను. ముద్ద పట్టుకున్న చెయ్యి వాడిది వణికింది. నా చెయ్యి వణకదు. బృందంలో నేను వాడికి శవం వేషం ఎప్పుడిచ్చినా ఇంతే, నిలకడ ఉండదు. ఒకచోట, అదుగో, కెమెరా వైపు ఓరగా చూసి నవ్వాడు కూడా. నువ్వు ఆ నవ్వు కత్తిరించకుండా ఉంచావు. నేనైతే ఉంచేవాణ్ణి కాదు. ఉంచినందువల్లే ఆ చోట జనం చప్పట్లు కొట్టారు. దానికీ కుళ్ళుకున్నాను.

సినిమా అయ్యాక కూడా ఇది నా చెల్లెలు తీసిందని చెప్పలేదు. కోచింగుకు వచ్చిన ఒక అమ్మాయి, సినిమాలో ఎవరు బాగా చేశారని అడిగింది. వంటవాడు అని ఒకడు, పురోహితుడు అని ఒకడు. నర్సింగ్ మాత్రం ఒప్పుకోలేదు.

"గా లెక్చరు పీనుగే హీరో. గాడు ముద్ద మింగి ఉంటే అందరు లేస్తుండె, ఊరు ఖతం. గాడు మాట్లాడుకుంట కూసున్నడు గనకే ఎనక సందుల కెళ్ళి పిల్లాజెల్లా అంత బయటపడ్డరు. ఇగ చూడు అన్నా, వాగుడుకు సుత ఒక ఫాయిదా ఉంటది."

నేను లేచి చాయ్ తాగడానికి వెళ్ళిపోయాను. రోడ్డు మీద వాన. చాయ్ చల్లారిపోయింది. నేనింతకాలం మాట్లాడినదంతా వాగుడు అని ఒప్పుకోను, కానీ వాగుడే అయినా ఒక ఊరు బతికిందని మొట్టమొదటిసారి ఎవరో అన్నారు. నర్సింగ్ నోట విన్నా, సినిమాలో ఆ మాట అన్నది నువ్వు. ఆ మాట దక్కింది వెంకటేశ్వర్లు మొహానికి. ఆ చప్పట్లు పడింది వెంకటేశ్వర్లుకి.

ఇక వ్యాసం సంగతి. సినిమా చూడకముందే, మాసబ్ ట్యాంక్ ఆఫీసులో పనిచేస్తూ మన మాసపత్రిక నడిపే గోపాలం గారికి మాట ఇచ్చాను. పిల్లల మధ్య పీనుగుల సినిమాలు తిరుగుతున్నాయట, ఈ ధోరణి మీద ఘాటుగా రాయమన్నారు. సరేనన్నాను. చూశాక కూర్చున్నాను. పదునైన వాక్యం ఒకటి ముందే సిద్ధంగా ఉంది: శవాలు తెరమీద లేవు, సర్టిఫికెట్లు పట్టుకుని అమీర్‌పేట సందుల్లో నడుస్తున్నాయి అని. బాగుంది కదా? రాసి కొట్టేశాను. ఎందుకంటే ఆ పిల్లలు నవ్వడం నేను కళ్ళారా చూశాను. పొలం తాకట్టు పెట్టి వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు రాక బిక్కచచ్చినవాళ్ళు, ఆ గంటన్నర సేపు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. అంత నవ్వగలిగినవాళ్ళను శవాలంటే శవాలు కూడా ఒప్పుకోవు.

అయినా రాశాను. నా ఆక్షేపణలు నాకున్నాయి, నీ అన్నయ్యనైనంత మాత్రాన వదలను. నీ సినిమాలో ఆడవాళ్ళంతా వంటశాలలోనే ఉన్నారు, ఒక్క ఆడ పీనుగూ బంతిలో లేదు. ఆడవాళ్ళు చావరా? ఇంకొకటి, అన్ని పీనుగులు వచ్చాయి, ఒక్కదాన్నీ నువ్వెలా చచ్చావని ఎవరూ అడగలేదు. పత్తిమందు తాగినవాడూ ఉంటాడు, కాన్పులో పోయినదీ ఉంటుంది. అడగాలి. నవ్విస్తూనే అడుగు, నీకు చేతనవును. నాకు చేతకాదు, అందుకే నీకు చెబుతున్నాను.

ఆ కాగితాలు పట్టుకుని మాసబ్ ట్యాంక్ వెళ్ళాను. గోపాలం గారు క్యాంటీన్లో కూర్చుని చివరిదాకా చదివారు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"ఏంటండీ భాస్కరం గారూ ఇది? తిట్టారా, పొగిడారా?"

విమర్శించానని చెప్పాను.

"కాదండీ. ఇది తీసిన ఆవిడ మీద మీకు అసూయగా ఉన్నట్టుంది."

"ఉంది," అన్నాను. "మా చెల్లెలు."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత అడగకూడనిది అడిగారు.

"మరి మిమ్మల్నెందుకు పెట్టుకోలేదండీ?"

ఎన్ని సభల్లో ఎంతమంది నన్ను నిలదీశారు! ఏ ప్రశ్నకూ నేను జవాబు లేకుండా దిగలేదు. ఆ క్యాంటీన్లో మాత్రం లేచి రెండు చాయ్‌ల డబ్బులు కట్టాను. కాగితాలు ఆయన దగ్గరే వదిలేశాను. వచ్చే సంచికలో వేస్తానన్నారు. వెయ్యనీ. ఊళ్ళో మన బృందం వాళ్ళంతా ఆ పత్రిక చదువుతారు, నేనింకా ఉన్నానని వాళ్ళకైనా తెలుస్తుంది.

ఇంతలో మొన్న ఆదివారం వెంకటేశ్వర్లు ఫోన్ చేశాడు. వాడికి వినయం ఎక్కువైంది, అంటే గర్వం ఎక్కువైందన్నమాట. "గురువుగారూ, వచ్చే మూఢానికి రెండో భాగం మొదలెడుతున్నారండి మీ చెల్లెలుగారు. నా వేషం పెంచారండి. మీరు ఆశీర్వదించాలి," అన్నాడు. నన్ను! నా సంచి భుజాన వేసుకుని, నా వేలు లేపి, నా ఆశీర్వాదం! మొదటి భాగం సీడీ మీద తెలిసింది, రెండో భాగం వీడి నోట తెలిసింది. నీ నోట ఏం తెలిసింది నాకు? సుధకు జలుబు చేసిందని తెలిసింది.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. "అన్నయ్యా, నిన్ను పిలిస్తే షూటింగు మీటింగవుతుంది" అంటావు. అవుతుంది. అయితే ఏం? "నువ్వొస్తే పీనుగులకు సిద్ధాంతం చెబుతావు" అంటావు. చెబుతాను. పీనుగులకు కూడా తెలియాలి. "నిన్ను వెక్కిరించే వేషానికి నిన్నే పిలిస్తే నొచ్చుకుంటావని భయపడ్డాను" అంటావు. ఇది ఒక్కటే కాస్త వినదగ్గ మాట. దీనికి నా జవాబు: నన్ను నొప్పించే హక్కు నీకుంది, నన్ను వదిలేసే హక్కు లేదు. రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియనిదానివి కావు నువ్వు.

చివరికి నర్సింగ్‌కి చెప్పేశాను. సినిమా తీసింది మా చెల్లెలని. అతను ముందు నమ్మలేదు, తర్వాత నా మొహం కేసి, నా వేలి కేసి చూశాడు. అర్థమైపోయింది. లేచి తలుపు దగ్గరకు వెళ్ళి, కాసేపు అటు తిరిగి నవ్వుకుని, వెనక్కి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఫికర్ చెయ్యకు అన్నా. అసలుది నువ్వే గదా. గట్లనే నాకు సుత ఒక పీనుగు వేషం ఇప్పియ్యమని చెల్లెకు చెప్పరాదు."

చూశావా? నాకే దిక్కులేదు, నా దగ్గర సిఫార్సులు. ఆ రోజునుంచీ సెంటరుకి వచ్చే పిల్లలు కూడా నన్ను చూసి వేలు లేపుతున్నారు. మర్యాదగానే. నిన్న మెస్సులో ఒక అబ్బాయి, ఎవరో చెప్పినట్టున్నారు, తన పళ్ళెం ఖాళీ అయినా లేవకుండా నా ఎదురుగా కూర్చున్నాడు. ఏంటి బాబూ అన్నాను. "ఏం లేదు సార్, మీరు కానివ్వండి" అన్నాడు. ఆ పూట చారు రెండోసారి తెచ్చుకున్నాను.

ఇంతే రాజ్యం. అసూయగా ఉందని దాచకుండా రాశాను. నీమీద, నీ కెమెరా మీద, నీ మూఢం మీద, ఆఖరికి ఆ పురోహితుడి మీద కూడా. ఇది తగ్గుతుందని చెప్పలేను. తగ్గాలని కూడా నాకు లేదు, నువ్వు బాగా తీసినన్నాళ్ళు ఇది ఉండాల్సిందే.

మంగత్తకు నా నమస్కారాలు, ఆవిడ దేవుళ్ళకు మాత్రం కాదు. నన్ను ఆశీర్వదించమను, ఆశీర్వాదాలతో నాకు పేచీ ఉన్నా ఆవిడతో లేదు. బావగారికి నమస్కారాలు. పానకాలుకి, బ్యాండు మేళంవాళ్ళకి నా అభినందనలు, ఒక్కొక్కరికీ పేరుపేరునా చెప్పు. వెంకటేశ్వర్లుకి కూడా చెప్పు, కానీ చివర్న చెప్పు. సుధకు ముద్దులు. నీకు, ఎంత కోపంలో ఉన్నా, అన్నయ్య దీవెనలు.

భాస్కరం

నా డిమాండ్లు:

1. రెండో భాగం ఎప్పుడు మొదలుపెడుతున్నావో నాకు నువ్వే రాయాలి. ఇంకొకరి నోట వినను.

2. బంతిలో ఆడ పీనుగులు ఉండాలి. మగవాళ్ళతో పాటే, అదే వరసలో.

3. ప్రతి పీనుగునూ ఎలా చచ్చావని ఎవరో ఒకరు అడగాలి.

4. నర్సింగ్‌కి ఒక వేషం. అతని భాష అతనిదే ఉండాలి, మార్చకూడదు.

5. వచ్చేవాళ్ళెవరితోనైనా కాస్త మాగాయ పంపాలి. ఇక్కడిది తినలేకపోతున్నాను.

6. వెంకటేశ్వర్లుకి వేరే వేషం ఇవ్వు, పెద్దదే ఇవ్వు, నవ్వుకోనివ్వు.

7. నా సంచి నాది. చివరి ఆకు నాది.

8. నేను ముగించి లేచేదాకా బంతిలో ఎవరూ లేవకూడదు.